కిస్తీలు పోను మిగిలేది 6,900. నలుగురి తిండి, అత్తగారి మందులు ఇందులోనే ఎలా?

వంటింటి_పద్దు
ఇంటి లెక్క మొత్తం పెడుతున్నాను, ఎక్కడ సర్దుకోవచ్చో చెప్పండి. ఏలూరు, అద్దె ఇల్లు. నేను, మా ఆయన, మూడో తరగతి పాప, అత్తగారు (62 ఏళ్లు, బీపీ, షుగరు). మా ఆయనది షోరూమ్ ఉద్యోగం, గ్రాస్ 20,000. నాది స్కూల్లో. కోతలు పోను ఇద్దరికీ కలిపి చేతికొచ్చేది 36,000. రేషన్ కార్డు లేదు.

అప్పులు:
క్రెడిట్ కార్డు 84,000. నెలకు 3.5 శాతం. మినిమం 4,200 కడుతున్నాం.
నోటు మీద చేబదులు 1,00,000. మూడు రూపాయల వడ్డీ, నెలకు 3,000.
ఫైనాన్స్ కంపెనీ యాప్ లోను, కిస్తీ 4,600, ఇంకా 10 నెలలు.
బండి కిస్తీ 3,100, ఇంకా 9 నెలలు.

అద్దె 8,000, స్కూలు ఫీజు 2,000, కరెంటు, గ్యాసు, ఫోన్లు 2,400, పెట్రోలు 1,800. అన్నీ పోను 6,900. అందులో మందులు 1,500, తిండికి 5,400. పాలు అర లీటరుకు తగ్గించాం, గుడ్లు మానేశాం. అత్తగారు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. నాలుగు కాసుల బంగారం ఉంది. ముందు కార్డు తీర్చాలా, నోటు తీర్చాలా?

బారువడ్డీ
అమ్మా, ఏది ముందు తీర్చాలి అనే ముందు, ఒక్కో అప్పు నెలకు ఎంత మింగుతోందో చూడండి.

కార్డు: 84,000 మీద 3.5 శాతం అంటే 2,940. దాని మీద జీఎస్టీ 18 శాతం, 529. మొత్తం 3,469. మీరు కట్టే 4,200లో అసలుకు పోయేది 731 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది, 45 రోజుల గడువు ఉండదు.
నోటు: 3,000 పూర్తిగా వడ్డీకే. అసలు లక్షా లక్షలాగే కూర్చుంది.

అంటే ఈ రెండింటికీ నెలకు 6,469 వడ్డీ. బండి, యాప్ కిస్తీలు ఏడాది లోపే అయిపోతాయి, వాటిని కదపకండి.

నాలుగు కాసులంటే 32 గ్రాములు. ఇప్పటి ధరల్లో 1,84,000 అప్పుకు సరిపోతుంది. బ్యాంకులో బంగారం మీద 10 శాతం వేసుకున్నా నెల వడ్డీ 1,533. నెలకు 6,000 కడుతూ పోతే 36 నెలల్లో తీరుతుంది. బండి కిస్తీ అయిపోగానే ఆ 3,100 కూడా ఇందులో కలిపితే మొత్తం 26 నెలలు. ఇప్పుడు ఈ రెండింటికీ 7,200 కడుతున్నారు కాబట్టి ఈ నెల నుంచే 1,200 తిండి వైపు వస్తుంది.

తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "ఇది ఏడాది చివర్లో అసలు, వడ్డీ కలిపి ఒకేసారి కట్టే లోనా, నెలనెలా కట్టేదా?" కౌంటర్లో ఏమీ చెప్పకపోతే చాలాచోట్ల మొదటిదే రాసేస్తారు. ఏడాదిపాటు ఎవరూ అడగరు, చివర్లో రెండు లక్షలు ఒక్కసారి తెమ్మంటారు, లేకపోతే వేలం నోటీసు. నెల కిస్తీ ఉన్నదైనా, ఎప్పుడు ఎంత కావాలంటే అంత జమ చేసే ఓవర్‌డ్రాఫ్ట్ రకమైనా తీసుకోండి. రాళ్ల బరువు తీసేసి నికర బరువు రాస్తారు, ఆ అంకె మీ కాగితం మీద కూడా ఉండాలి. అప్రైజర్ (బంగారం విలువ కట్టేవాడి) ఖర్చు, ప్రాసెసింగ్ ఖర్చు ఎంతో ముందే అడగండి.

సున్నపువీధి
బారువడ్డీ గారి లెక్క తప్పని అనను గానీ, సలహా ప్రమాదం. కార్డు అప్పుకు తాకట్టు లేదు. కట్టలేకపోతే ఫోన్లు, సిబిల్ (బ్యాంకులు చూసే అప్పుల చరిత్ర స్కోరు) దెబ్బ, లీగల్ నోటీసు. అదే అప్పును బంగారం మీదకు మారిస్తే, ఒకరి ఉద్యోగం పోయిన రోజున పోయేది బంగారం. ఇంకోటి: కార్డు ఖాళీ అయ్యాక లిమిట్ మళ్లీ 84,000 కనిపిస్తుంది. పండగొస్తుంది, ఫ్రిజ్ పాడవుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి బంగారం బ్యాంకులో, బాకీ కార్డులో. ఎన్ని ఇళ్లలో చూస్తాం ఇది.

కార్డు బ్యాంకుకే ఫోన్ చేసి మొత్తం బాకీని కిస్తీలుగా మార్చమని అడగండి. 18 శాతానికి 24 నెలలు ఇచ్చారనుకోండి, కిస్తీ 4,194. మీరు ఇప్పుడు కట్టే డబ్బే. వడ్డీ మీద జీఎస్టీ మొదటి నెల 227, తర్వాత తగ్గుతూ పోతుంది. రెండేళ్లలో కార్డు సున్నా. రెండు కాసులు మాత్రం నోటు కోసం పెట్టండి, మిగతా రెండూ ఇంట్లో ఉంచండి.

బారువడ్డీ
కార్డు లిమిట్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. బాకీ తీరిన రోజే కార్డు రద్దు చేయించలేని ఇల్లయితే నా సలహా పక్కన పెట్టేయాల్సిందే.

అయితే మీ దారిలో తిండికి ఏం వస్తుందో చూడండి. కార్డు 4,200 అలాగే ఉంది. నోటు లక్షను 10 శాతానికి మారిస్తే వడ్డీ 833, అసలుకు ఓ పదిహేను వందలు వేసి 2,400 కట్టినా మిగిలేది 600. అదీ మంచిదే, బంగారం సగం చేతిలో ఉంటుంది. కానీ ఈ ఇంట్లో ఇప్పటికే మాత్రలకు కోత పెడుతున్నారు. అప్పులవాడు ఫోన్ చేస్తాడు, బీపీ మాత్ర ఫోన్ చేయదు. అందుకే అందరూ ముందు కోసేది దాన్నే. నేనైతే తిండి, మందుల అంకె ముందు రాసి, దానికి తగ్గట్టు అప్పు రూపం మార్చమంటాను.

మందులచీటీ
ఫార్మసీ వైపు నుంచి. ముందు అత్తగారి సంగతి, ఎందుకంటే ఇది వడ్డీ కంటే తొందర పని.

బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేస్తే సగం పని చేస్తుందనుకుంటారు. అలా కాదు, వేయని రోజు బీపీ పైకి లేస్తుంది. డబ్బు మిగిలేది నెలకు వందో రెండొందలో. పక్షవాతమో గుండెపోటో వస్తే అయ్యే ఖర్చుకు ఈ ఇంట్లో ఉన్న అప్పులన్నీ చిన్నవైపోతాయి.

మందుల పేర్లు పెడతారా? బ్రాండు పేరు కాదు, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే పేరు, ఎంజీతో సహా.

వంటింటి_పద్దు
టెల్మిసార్టాన్ 40, అటోర్వాస్టాటిన్ 10, ఇంకోటి గ్లిమిపిరైడ్ 1 + మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్ కలిసింది. షుగరు మాత్ర రెండు పూటలా. బీపీది రోజుకొకటి, కొలెస్ట్రాల్‌ది రాత్రి.

మందులచీటీ
ఇవన్నీ జన ఔషధి కేంద్రాల (బ్రాండు లేని మందులు చవగ్గా అమ్మే ప్రభుత్వ పథకం కొట్లు) జాబితాలో ఉండే మందులే. నెలకు 60 షుగరు మాత్రలు, 30 బీపీ, 30 కొలెస్ట్రాల్, అన్నీ కలిపి 300 దగ్గర సర్దుకోవాలి. మీరు పెడుతున్న 1,500లో ఎక్కువ భాగం బ్రాండు ధరే.

కొనేటప్పుడు మూడు చూడండి. పేరు, ఎంజీ, ఆ పక్కన "ఎస్ఆర్" అనే మాట. ఎస్ఆర్ అంటే మందు మెల్లగా విడుదలయ్యే రకం, మామూలు మెట్‌ఫార్మిన్ ఇచ్చి "ఒకటేనమ్మా" అంటే తీసుకోకండి. ఎస్ఆర్ మాత్రను విరవకూడదు, నలపకూడదు. ఒక కేంద్రంలో స్టాక్ లేకపోతే సగం నెలకు కొని ఇంకో కేంద్రం చూడండి. అందుకే మందు అయిపోయే వారం ముందే వెళ్లాలి, ఆఖరి రోజున కాదు.

ప్రభుత్వ పీహెచ్‌సీలో, పట్టణ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మందులు ఊరికే ఇస్తారు, పరీక్ష కూడా చేస్తారు. అక్కడ అప్పుడప్పుడు మందు మారుస్తారు. టెల్మిసార్టాన్ బదులు అమ్లోడిపిన్ ఇవ్వొచ్చు. డాక్టరు చూసి రాస్తే మార్చుకోవచ్చు, కౌంటర్లో మారిస్తే వద్దు.

ఇక గ్లిమిపిరైడ్. చేతిలో డబ్బు లేనప్పుడు పెద్దవాళ్లు "నాకు ఆకలి లేదు" అని ఒక పూట మానేస్తారు. గ్లిమిపిరైడ్ వేసుకుని అన్నం మానేస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబడటం. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. మాత్ర వేస్తే అన్నం తినాల్సిందే. పూట మానేయడం తరచుగా జరుగుతోందంటే డాక్టరుకు చెప్పి ఆ మందు సంగతి చూసుకోవాలి.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉన్నాయేమో అడగండి. ఉంటే ఈసారి డాక్టరు దగ్గర ఆ మాట చెప్పండి.

గుణదల_గోపాలం
ఒక్క మాట. గ్రాస్ 20,000 అన్నారు. పే స్లిప్‌లో 150 రూపాయల కోత ఉందా? గ్రాస్ మీద ముప్పావు శాతం. ఉంటే అది ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. భార్య, పిల్లలతో పాటు అతని మీద ఆధారపడిన తల్లి కూడా వస్తుంది. అంటే మీ అత్తగారి డాక్టరు, పరీక్షలు, మందులు అన్నీ దాని కిందే. 150 కట్టి మరీ బయట 1,500 పెట్టి కొంటున్నారన్నమాట.

వంటింటి_పద్దు
ఇప్పుడే చూశాను. 150 ఉంది అన్నా! పీఎఫ్‌తో కలిసిన కోత అనుకున్నాం ఇన్నాళ్లూ. కార్డు లాంటిది ఏమీ ఇవ్వలేదు.

గుణదల_గోపాలం
కార్డు ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు చెల్లెమ్మా. షోరూమ్ హెచ్ఆర్ దగ్గర ఇన్సూరెన్స్ నంబరు అడగండి, పది అంకెలుంటుంది. ఈఎస్ఐ పోర్టల్‌లో ఇ-పెహచాన్ కార్డు ప్రింటు వస్తుంది. అందులో కుటుంబసభ్యుల పేర్లు చూడండి, అత్తగారి పేరు లేకపోతే ఆధార్, ఫొటోతో చేర్పించాలి. మామూలుగా చేర్చేది యజమాని వైపు నుంచి, కాబట్టి హెచ్ఆర్‌ను వదలకండి. మీరు ఏ డిస్పెన్సరీ కిందికి వస్తారో ఆ కార్డు మీదే ఉంటుంది. మొదట అక్కడికి వెళ్లాలి, నేరుగా విజయవాడ గుణదల ఈఎస్ఐ ఆస్పత్రికి వెళ్తే డిస్పెన్సరీ రిఫరల్ అడుగుతారు (ప్రాణం మీదికొస్తే వేరే సంగతి). పాత ప్రిస్క్రిప్షన్లు, చివరి షుగరు రిపోర్టు పట్టుకెళ్లండి. పేరు ఎక్కేదాకా జన ఔషధి నడిపించండి.

ఈఎస్ఐ లేని ఇళ్లవాళ్లు చదువుతుంటే: ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆ స్కీము హెల్ప్ డెస్క్ దగ్గరికి ముందు వెళ్లండి, అడ్వాన్సు కట్టాక కాదు. ఒకసారి క్యాష్ పేషెంటుగా చేరితే తర్వాత స్కీములోకి మార్పించడం తలనొప్పి.

కరీంనగర్_రాజన్న
అక్కా, నోటు సంగతి ఎవ్వరు సరిగ్గ చెప్తలేరు. నూటికి మూడు రూపాల మిత్తి కట్టుడు ఒక ఎత్తు, కాయిదం ఇంకో ఎత్తు.

నెలనెల మూడు వేలు చేతికిస్తున్నరా, ఫోన్‌పేల కొడుతున్నరా? చేతికిస్తే దానికి లెక్కేడుంది? రేపు ఆయన "మిత్తే కట్టలే" అంటే మీ దగ్గర ఏముంటది? ఇగ నుంచి ఫోన్‌పే లేకుంటే బ్యాంకు ద్వారనే కట్టుండ్రి, మెసేజ్‌ల "ఫలానా నెల మిత్తి" అని రాయుండ్రి. అసలుల కొంచెం కడితే నోటు వెనక చెల్లు రాయించుండ్రి. తారీఖు, ఎంత కట్టింది, సంతకం. ఆ చెల్లు ఫొటో తీస్కోండ్రి.

నోటుకు మూడేండ్ల గడువుంటది. గడువు దగ్గర పడంగనే నోటు తిరగరాయమంటరు. గప్పుడే మోసం. మిత్తి కట్టనోళ్లకు మూడేండ్ల మిత్తి లక్షా ఎనిమిది వేలు అసలుల కలిపి రెండు లక్షల ఎనిమిది వేలకు కొత్త నోటు రాయిస్తరు. బారువడ్డీ అనుకుని తెచ్చింది చక్రవడ్డీ అయితది. అసలుల చెల్లు రాస్తే ఆ తారీఖు నుంచి మళ్ల మూడేండ్లు గడువు జరుగుతది, అది గూడ తెలిసి రాయుండ్రి.

తీర్చే రోజు అసలు నోటు మీ చేతికి రావాలె, జిరాక్స్ గాదు. దాని మీద "మొత్తం ముట్టింది" అని రాసి సంతకం పెట్టించుండ్రి. ఖాళీ చెక్కులు ఇచ్చినరా? అవి రాకుంటే పైసలు ఇయ్యకుండ్రి. ఆ చెక్కు తర్వాత బ్యాంకుల పడి బౌన్స్ అయితే కోర్టు కేసు మీ మీదికే.

ఇంకోటి, సేటు దగ్గర గిర్వి పెట్టకుండ్రి. బ్యాంకుల నెలకు ముప్పావు రూపాయి, రూపాయి లోపట దొరికే పైసలకు ఆడ రెండు రూపాలు, మూడు రూపాలు తీస్కుంటరు.

వంటింటి_పద్దు
రెండు ఖాళీ చెక్కులు ఇచ్చాం రాజన్న గారూ. మంచి మాట గుర్తు చేశారు, నోటుతో పాటే అడుగుతాం.

ఇక తిండి. 5,400కు 1,200, మందుల్లో మరో 1,200 కలిపితే 7,800. నలుగురికీ సరిగ్గా తినడానికి సరిపోతుందా? పాపకు హెల్త్ డ్రింక్ డబ్బా మానేశామని అత్తగారు బాధపడుతున్నారు.

పప్పుచారు
సరిపోతుంది, చాలా జాగ్రత్తగా కొంటే. డబ్బా సంగతి ముందు. 10 గ్రాముల ప్రోటీన్‌కు ఎంతవుతుందో నేను వేసే లెక్క ఇది, రైతుబజారు ధరలకు:

సోయా మీల్‌మేకర్ – రెండున్నర రూపాయలు
శనగలు – నాలుగు చిల్లర
వేరుశనగ, కందిపప్పు – ఐదున్నర
గుడ్డు – పది
పాలు – పద్దెనిమిది
హెల్త్ డ్రింక్ పొడి – నలభై దగ్గర, పైగా అందులో పంచదార

డబ్బా మానేయడం నష్టం కాదు, లాభం. పాపకు గుప్పెడు వేయించిన వేరుశనగ, చిన్న బెల్లం ముక్క ఇవ్వండి.

పాలు ఖరీదైనవే, అయినా తగ్గించొద్దంటాను. కాల్షియం, బి12 రెండూ అందులో ఉన్నాయి. పప్పులు, కూరల్లో బి12 ఉండదు. మందులచీటీ గారు చెప్పిన కారణానికి మీ ఇంట్లో అది ముఖ్యం. టోన్డ్ పాలు రోజుకు లీటరు, సగం పెరుగుకు.

నెల సరుకు ఇలా వేశాను:
బియ్యం 26 కిలోల బస్తా 1,300 (25 కిలోల దాకా ప్యాకింగుకే జీఎస్టీ, అందుకే 26 కిలోల బస్తాలు)
గోధుమపిండి 4 కిలోలు, రాగులు 2 కిలోలు – 270
కందిపప్పు 3, పెసరపప్పు ఒకటిన్నర, శనగలు ఒకటిన్నర, ఉలవలు 1, మినప్పప్పు 1 – అన్నీ 865
వేరుశనగ కిలోన్నర 200, మీల్‌మేకర్ అరకిలో 65
గుడ్లు రెండు ట్రేలు, 60 – 390
పాలు 1,740
నూనె రెండున్నర లీటర్లు 375
కూరగాయలు 28 కిలోలు 900, ఆకుకూరలు 30 కట్టలు 300
అరటి, జామ 350
ఉప్పు, చింతపండు, కారం, టీపొడి, బెల్లం వగైరా 550

మొత్తం 7,305. ఊరిని బట్టి, నెలను బట్టి మూడొందలు అటూ ఇటూ. ప్రోటీన్ ఇంటికి రోజుకు 200 గ్రాముల దగ్గర వస్తుంది. కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున మీ నలుగురికీ కావాల్సింది 170 లోపే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు చెబుతోంది. ఇందులో 300 దాకానే వస్తాయి. ఇంతకంటే పెట్టడానికి డబ్బు లేదు, ఉన్నంతలో ఆకుకూర మానకండి.

రైతుబజారుకు సాయంత్రం మూసే ముందు వెళ్తే ఆకుకూర, టమాటా చవక. బెండ, గోరుచిక్కుడు మాత్రం సాయంత్రానికి ముదురువే మిగులుతాయి, అవి పొద్దున్నే. నూనె విడిగా పీపాల్లోంచి పోసేది వద్దు, కల్తీ అక్కడే. కందిపప్పు ధర పెరిగిన నెలలో పెసర, ఉలవలు పెంచండి. ఉలవలు రాత్రి నానబెట్టి కుక్కర్లో ఏడెనిమిది విజిల్స్. ఆ కట్టుతో చారు, గుగ్గిళ్లు పాపకు సాయంత్రం. నానబెట్టకుండా వండితే గ్యాసు రెండింతలు, కడుపు ఉబ్బరం అదనం.

ఆకుకూర పప్పు తిన్న రోజు చివర్లో నిమ్మరసం పిండండి, ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదే ఇనుము పోతుంది, గంట ఆగి తాగాలి. ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

పల్నాటి_పిల్ల
షుగరున్న అత్తగారికి అన్నం పూర్తిగా మాన్పించి రాగిజావ పెట్టండి అక్కా. కొర్రలు, సామలు కూడా. అందరూ అవే తింటున్నారు ఇప్పుడు.

పప్పుచారు
ఇక్కడ నేను ఒప్పుకోను. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైనే. అది పాపకు, మీకు మంచిది. కానీ మెత్తటి రాగిపిండిని జావ కాచి తాగితే షుగరు అన్నం తిన్నట్టే పెరుగుతుంది, కొందరిలో ఇంకా త్వరగా. రొట్టెగా చేసి పప్పుతో తింటే కొంత నయం. కొర్రలు, సామలు కిలో వంద చుట్టూ ఉన్నాయి, ఈ బడ్జెట్‌లో అవి పప్పుల డబ్బు తినేస్తాయి.

అత్తగారికి అదే బియ్యం, కొలత మార్చండి. కంచంలో సగం కూర, పావు పప్పో గుడ్డో, పావు అన్నం. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం. తిన్నాక పదిహేను నిమిషాలు వీధిలో నడక. రూపాయి ఖర్చు లేదు, గ్లూకోమీటర్‌లో తేడా కనిపిస్తుంది. ఆవకాయ, అప్పడాలు, ఉప్పు చేప మాత్రం బీపీకి శత్రువులు. ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఇంటికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ ఎన్నాళ్లు వస్తోందో చూసుకోండి, తెలిసిపోతుంది.

వంటింటి_పద్దు
కిలో ఇరవై రోజులు కూడా రాదు మాకు. అర్థమైంది.

ఇంకో సంగతి. గత నెల యాప్ లోను కిస్తీ మూడు రోజులు ఆలస్యమైంది. పొద్దున్న ఏడింటికే ఫోన్లు, మా ఆయన షోరూమ్ మేనేజరుకు కూడా చేశారు. అప్పట్నుంచి ఆయనకు నిద్ర లేదు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

బారువడ్డీ
రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం రికవరీ వాళ్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అప్పులైతే 9 నుంచి 6 లోపే. ఇంటివాళ్లకు, ఆఫీసువాళ్లకు చెప్పి పరువు తీయడం, బెదిరించడం కూడా కుదరదు.

కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు, తేదీ, టైము, నంబరు అన్నీ ఒక కాగితం మీద రాయండి. ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిల్ పెట్టండి. పేరు, మెయిల్ ఐడీ మీకిచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (లోను షరతుల కాగితం) ఉంటాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సందేహాలకు 14448. ముందు కంపెనీకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపేస్తారు.

అసలు ఆ యాప్ నమోదైన కంపెనీదేనా అని కూడా చూడండి. 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో లోన్ యాప్‌ల జాబితా ఉంది. అందులో లేని యాప్ ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే అది సైబర్ నేరం, 1930కి ఫోన్. ఫోన్లో కాంటాక్ట్స్, గ్యాలరీ పర్మిషన్లు ఇప్పుడే తీసేయండి. యాప్‌ను మాత్రం సాక్ష్యాలన్నీ దాచుకున్నాకే డిలీట్ చేయండి. ఒక యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం ఒక్కటి మాత్రం వద్దే వద్దు.

కిస్తీ తేదీ జీతం పడే తేదీకి ముందుందా? కంపెనీకి రాసి మార్పించుకోండి. ఆటో డెబిట్ తప్పిన ప్రతిసారీ ఇటు బ్యాంకు, అటు కంపెనీ ఇద్దరూ చార్జీ వేస్తారు.

మందులచీటీ
చెల్లెమ్మా, నిద్ర లేకపోవడం, మాట తగ్గిపోవడం రెండు వారాలు దాటిందంటే దాన్ని అప్పు ఖాతాలో వేసి వదిలేయకండి. టెలీ మానస్ 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఊరికే, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. మీరు చేసి ఆయనకు ఫోన్ ఇవ్వొచ్చు. "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" లాంటి మాట ఎప్పుడైనా అన్నారా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది వట్టి భయం. ఆ మాట అని ఉంటే మాత్రం ఆ పూట ఆయన్ను ఒంటరిగా వదలొద్దు, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

నిద్ర మాత్రలు మా కొట్టుకొచ్చి అడిగేవాళ్లు చాలామంది. చీటీ లేకుండా కొనొద్దు. సాయంత్రం నాలుగు దాటాక టీ మానడం, రాత్రి అప్పుల లెక్కలు వేయకపోవడం ముందు చేయండి. ఇంటి పద్దుకు ఆదివారం పొద్దున అరగంట పెట్టుకోండి, ఇద్దరూ కూర్చుని.

వంటింటి_పద్దు
ఆ మాట అనలేదు. అయినా ఈ రాత్రే అడుగుతాను, 14416కి నేనే కలుపుతాను.

సున్నపువీధి
సంపాదించే ఇద్దరికీ బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి పథకాల బీమాలు రెండూ ఉన్నాయా చూడండి. ప్రమాద బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవిత బీమా 436. ఒక్కోటి రెండు లక్షలు. రెండోదానిలో 50 ఏళ్ల లోపు చేరాలి. మే ఆఖర్లో ఖాతాలో ఆ డబ్బు లేకపోతే కవర్ ఆగిపోతుంది, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

బంగారం విషయంలో నా మాట నాదే. ఒకవేళ నాలుగు కాసులూ పెట్టేట్టయితే, కార్డు రద్దు చేసిన కాగితం చేతికొచ్చాకే మిగతా పనులు.

వంటింటి_పద్దు
ఇద్దరం మాట్లాడుకున్నాం. కార్డు రద్దు చేయడానికి ఆయన ఒప్పుకున్నారు, బంగారం బ్యాంకులోనే పెడతాం. కార్డుకు 84,000 కట్టేస్తే అయిపోయినట్టేనా?

బారువడ్డీ
కాదు, అక్కడే చాలామంది దొరికిపోతారు. బిల్లు తయారైన రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా వడ్డీ రోజు లెక్కన పడుతూనే ఉంటుంది. అది వచ్చే నెల బిల్లులో కనిపిస్తుంది, బిల్లు వచ్చి 15 రోజులకు కడితే 1,700 పైనే. "అంతా కట్టేశాంగా" అని ఆ బిల్లు చూడకపోతే లేటు ఫీజు, మళ్లీ వడ్డీ, సిబిల్‌లో మచ్చ.

కాబట్టి కట్టే రోజు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "ఇవాళ మొత్తం మూసేయడానికి ఎంత?" అని అడిగి ఆ అంకె కట్టండి. కార్డు మీద ఫోన్ బిల్లు, ఓటీటీ లాంటి ఆటో పేమెంట్లు ఉంటే ముందు అవి తీసేయండి. తర్వాత రద్దుకు మెయిల్ పెట్టండి, ఫోన్లో ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. "సెటిల్‌మెంట్‌కు తగ్గించి ఇస్తాం" అంటే ఒప్పుకోకండి, సిబిల్‌లో క్లోజ్డ్ బదులు సెటిల్డ్ అని పడుతుంది. బాకీ ఏమీ లేకుండా అడిగిన ఏడు పనిదినాల్లో కార్డు మూయాలి. మూయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ మీకు 500 ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. మెయిల్ తేదీ అందుకే కావాలి. నో డ్యూ లెటర్ (బాకీ ఏమీ లేదనే కాగితం) వచ్చాక, ఓ రెండు నెలలకు ఏడాదికోసారి ఊరికే ఇచ్చే సిబిల్ రిపోర్టు తీసి ఆ కార్డు ఎదురుగా క్లోజ్డ్ అని ఉందో లేదో చూడండి.